లెక్కకెక్కని బబ్బెర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు నేను ఒక గింజను గూర్చి మాట్లాడుచున్నాను. సంస్కృతమున దానిని రాజమాషమందురు. కొందరు అలసందలనియు, మరికొందరు బొబ్బర్లనియు అందురు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో అవి బబ్బెర్లు.

జొన్నచేనిలో కొన్ని సాళ్లకొక సాలు బబ్బెర పెట్టుట మన మెట్టసేద్యపు పద్ధతి. తీగ నేలను కప్పి తేమను కాపాడును. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చును. వాన వెనుకబట్టి జొన్న దెబ్బతిన్నను ఇంటికి గుడాలు దొరకెడివి. ఆ గుడాలకు ఉల్లిగడ్డ, ఎండుమిరప పోపు చాలును; దానిముందు పాయసము కూడ నాకు రుచింపదు.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక మాట చెప్పుదును. పద్దులో తరచు జొన్న అనియే పడును. నడిమి సాలులోని బబ్బెర ఆడువారి ఒడిలోనికి వచ్చి, అటనుండి కుండలోనికి పోవును. అంగడికి పోని దానిని ఎవరు వ్రాయుదురు? వ్రాయనిది పోయినపుడు, పోయినట్లు కూడ తెలియదు.

పోచంపాడు వద్ద 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిరి. తరువాత కాలువ నీరు పారిన పొలములలో వరి, పసుపు, మక్క నిలిచినవి. ఆ నీటిని నిందించుట కృతఘ్నత. కాని మక్కచేనిలో కలుపునకు అట్రజిన్ చల్లినచోట వెడల్పాకు మొక్కకు బ్రతుకు లేదు. బబ్బెరది వెడల్పాకే గదా!

ఇటలీలోను ఇట్టి కథయే జరిగినది. 1492లో కొలంబసు ఓడ కదలకముందు అచట ఫజోలో అనబడినది అమెరికా చిక్కుడు కాదు, మన బబ్బెర జాతియే. దాని పుట్టిల్లు ఆఫ్రికా; వారికిని మనకును అచటినుండియే వచ్చినది. ఉంబ్రియా మండలమున త్రసిమేనో సరస్సు ఒడ్డున దాని చిన్నగింజ రకము పండును. కాయలు ఒక్కమారు పండవు. రోజుకు కొన్నిగా చేతితో కోయవలెను. ఆ శ్రమకోర్వక గత శతాబ్ది రెండవ సగమున రైతులు చాలవరకు దానిని విడిచిరి. కొద్దిమంది తమ వంటకై నిలుపుకొన్న విత్తనమే ఆ పంటను మరల నిలబెట్టినది. నేడు స్లో ఫుడ్ అను సంస్థ దానిని రక్షింపదగిన పంటలలో చేర్చినది. కొనువారును మంచి ధర యిచ్చుచున్నారు.

కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందములు పదవ శతాబ్దినుండి నిలిచియున్నవి. గింజ రాతిపై నిలువదు. బూడిద కలిపి కుండలో మూసిపెట్టినను కొన్నియేండ్లకు మొలక చచ్చును, చేనిలో పడుచుండవలెను.

కావున మన బీరువాలో ఒక అర గింజలకు విడువుడని కార్యవర్గమును కోరుచున్నాను. పుస్తకములకు వలెనే చిట్టా నేను వ్రాసెదను. సోలెడు తీసికొనినవారు పంట పిదప సోలెడు తిరిగి యిచ్చిన చాలును, వడ్డీ లేదు. ఎవరి యటుకపైనైనను ఎఱ్ఱదో తెల్లదో పాత బబ్బెర విత్తనమున్నచో, వచ్చే మృగశిరకు ముందే తెచ్చి యిండు.