శాలువా కప్పే ముందు

(మహిళా అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలోని విశ్వవిద్యాలయాలు తమ నల్లజాతి పూర్వ విద్యార్థులను గౌరవించుకునే తీరు గురించి మాట్లాడమని నన్ను అడిగారు. భవనాలకు వాళ్ల పేర్లు పెట్టడం, గౌరవ డాక్టరేట్లు ఇవ్వడం, చిత్రపటాలు ఆవిష్కరించడం, వృత్తిలోనూ సమాజంలోనూ వాళ్లు సాధించినవాటిని సభలో చదివి వినిపించడం అక్కడ జరుగుతుంటాయి. మనకూ ఇవి కొత్త కాదు. మన దగ్గర శాలువా, పూలదండ, జ్ఞాపిక, సన్మాన పత్రం. ఆ పత్రంలో ‘ఎన్నో కష్టాలకోర్చి’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఆ కష్టాలు ఎవరు పెట్టారో మాత్రం ఉండదు. ఆ రాయకుండా వదిలేసిన మాట గురించే నేనివాళ మాట్లాడదలచుకున్నాను.

ఆథరీన్ లూసీ 1929లో అలబామా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టింది. పదిమంది పిల్లల్లో ఆఖరిది. నల్లవారి కోసం ఏర్పడిన మైల్స్ కాలేజీలో 1952లో బి.ఎ. పూర్తిచేసింది. అలబామా విశ్వవిద్యాలయంలో పైచదువుకు దరఖాస్తు పెడదామన్నది ఆమె స్నేహితురాలు పాలీ ఆన్ మైయర్స్. ఇద్దరూ పెట్టారు. ఇద్దరికీ సీటొచ్చింది. వాళ్లు నల్లవాళ్లని తెలిశాక సీటు లేదు పొమ్మన్నారు. నల్లజాతి ప్రజల హక్కుల కోసం పనిచేసే ఎన్.ఎ.ఎ.సి.పి. అండతో వాళ్లు కోర్టుకెక్కారు. వాళ్ల తరఫున వాదించినవాళ్లలో కాన్‌స్టాన్స్ బేకర్ మోట్లీ అనే యువ న్యాయవాది ఉంది. ఆమె కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన నల్లజాతి స్త్రీ. తర్వాత 1966లో ఫెడరల్ న్యాయమూర్తి అయిన మొదటి నల్లజాతి మహిళ కూడా ఆమే. జాతి కారణంగా ప్రవేశం నిరాకరించకూడదని 1955లో తీర్పు వచ్చింది.

అప్పుడు విశ్వవిద్యాలయం ఏం చేసిందో మనం ప్రత్యేకంగా గమనించాలి. ఈ ఇద్దరు స్త్రీల వ్యక్తిగత జీవితాల గురించి ఆరా తీయించింది. పాలీ పెళ్లికి ముందే గర్భవతి అయిందన్న సంగతి పట్టుకుని, ‘నడవడిక’ బాగాలేదని ఆమెకు ప్రవేశం నిరాకరించింది. రంగు పేరుతో వేసిన తలుపును కోర్టు తీయిస్తే, శీలం పేరుతో మళ్లీ వేసుకున్నారు. జాతి వివక్షా పితృస్వామ్యమూ ఎలా ఒకదాని పని ఇంకొకటి అందుకుంటాయో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ నాకు అక్కర్లేదు. ఆ ఆలోచన ఎవరిదో ఆమే ఆ గడప దాటలేకపోయింది.

ఆథరీన్ 1956 ఫిబ్రవరి 3న ఒంటరిగా తరగతికి వెళ్లింది. హాస్టల్లో ఉండటానికి వీల్లేదు, భోజనశాలలో తినడానికి వీల్లేదు. మూడో రోజు తరగతికి వెళ్లిన 6వ తేదీన వందలాది మంది గుంపు కట్టి ఆమె మీద గుడ్లు విసిరారు, చంపుతామని కేకలు వేశారు. ఆమె ఒక భవనంలో చిక్కుకుపోతే పోలీసుల కారులో బయటికి తీసుకురావలసి వచ్చింది. ఆ రాత్రే విశ్వవిద్యాలయం ‘ఆమె భద్రత కోసం’ ఆమెను సస్పెండ్ చేసింది. గుంపు ఏది కోరుకుందో అదే జరిగింది. విశ్వవిద్యాలయం గుంపుతో కుమ్మక్కయిందని ఆమె లాయర్లు కోర్టులో ఆరోపించి, రుజువు చేయలేక వెనక్కి తీసుకున్నారు. ఆ ఆరోపణనే సాకుగా చేసుకుని, సంస్థకు అపకీర్తి తెచ్చిందని ఆమెను శాశ్వతంగా బహిష్కరించారు.

ఆ బహిష్కరణ కాగితం 32 ఏళ్లు చెల్లింది. ఆమె పెళ్లి చేసుకుంది, ఊళ్లు మారింది, పిల్లల్ని పెంచింది. ఆ పేరు వల్ల టీచరు ఉద్యోగం దొరకడమే కష్టమైంది. 1988లో బహిష్కరణ ఎత్తేశారు. మరుసటి ఏడాది ఆమె మళ్లీ అదే విశ్వవిద్యాలయంలో చేరి, 1992లో ప్రాథమిక విద్యలో ఎం.ఎ. పట్టా తీసుకుంది. ఆ రోజే, ఆ వేదిక మీదే ఆమె కూతురు కూడా డిగ్రీ తీసుకుంది. ఆ తర్వాత సన్మానాలు వరుసకట్టాయి. 2019లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు.

2022 ఫిబ్రవరిలో ఒక భవనానికి ఆమె పేరు పెట్టాలని ట్రస్టీలు నిర్ణయించారు. ఆ భవనానికి అప్పటికే బిబ్ గ్రేవ్స్ అనే మాజీ గవర్నర్ పేరుంది. ఆయన కూ క్లక్స్ క్లాన్ నాయకుడు కూడా. ట్రస్టీలు ఆ పేరు తీయకుండా, పక్కన ఆమె పేరు చేర్చి ‘లూసీ-గ్రేవ్స్ హాల్’ అన్నారు. ఆలోచించండి, ఎవరి మనుషులు ఆమెను వెళ్లగొట్టారో వాళ్ల నాయకుడితో కలిపి ఒకే బోర్డు! విద్యార్థులు ఊరుకోలేదు. అభ్యంతరాలు రావడంతో ట్రస్టీలు కొద్ది రోజుల్లోనే గ్రేవ్స్ పేరు తీసేశారు. ఫిబ్రవరి 25న ‘ఆథరీన్ లూసీ హాల్’ ప్రారంభ సభకు ఆమె హాజరైంది. మార్చి 2న, 92 ఏళ్ల వయసులో చనిపోయింది. మరో వారం ఆలస్యమై ఉంటే ఆ బోర్డు ఆమె చూసి ఉండేది కాదు.

అదే విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి వివియన్ మలోన్. 1963లో ఆమెను ఆపడానికి గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె 1965లో డిగ్రీ పూర్తిచేసి, ఫెడరల్ న్యాయశాఖలో నల్లవారి ఓటు హక్కుకు సంబంధించిన పనిలో చేరింది. తర్వాత పర్యావరణ పరిరక్షణ సంస్థలో పర్యావరణ న్యాయ విభాగాన్ని నడిపించింది. విషపు వ్యర్థాలు పేదల పేటల్లోనే, నల్లవారి పేటల్లోనే ఎందుకు చేరతాయన్నది ఆ విభాగానికి సంబంధించిన ప్రశ్న. ‘వృత్తిపరమైన విజయం’, ‘సమాజ సేవ’ అని సన్మాన పత్రాల్లో రెండు పేరాలుగా రాస్తారు. ఆమె జీవితంలో ఆ రెండూ ఒకటే పని.

సన్మానం తీసుకోవడమే కాదు, వద్దనడం కూడా గౌరవమేనని చూపినవ్యక్తి పాలీ మరే. 1938లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం నల్లజాతి అని ఆమెకు ప్రవేశం ఇవ్వలేదు. ఆమె ముత్తవ్వను బానిసగా ఉంచుకున్న స్మిత్ కుటుంబం ఆస్తి ఇచ్చిన విశ్వవిద్యాలయం అది. నల్లవారి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1944లో న్యాయశాస్త్రంలో మొదటి స్థానంలో నిలిచింది. తరగతిలో ఆమె ఒక్కతే స్త్రీ. అక్కణ్ణించి పైచదువుకు హార్వర్డ్‌కి దరఖాస్తు పెడితే, ఈసారి ఆడదని కాదన్నారు. నల్లవారి మీద అమలైన వివక్షకు ‘జిమ్ క్రో’ అని పేరుంటే, స్త్రీల మీద వివక్షకు ఆమె ‘జేన్ క్రో’ అని పేరు పెట్టింది. 1965లో యేల్ నుంచి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందింది. 1978లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ పట్టా ఇస్తానంది. జాతి వివక్షను తొలగించే విషయంలో ఆ విశ్వవిద్యాలయ వ్యవస్థ అప్పటికింకా ఫెడరల్ ప్రభుత్వంతో పేచీ పడుతూనే ఉంది. ఆమె ఆ పట్టా తీసుకోలేదు. నలభై ఏళ్ల కిందట తనను కాదన్న సంస్థ పిలిచినా, తన తర్వాతి పిల్లలకు తలుపు పూర్తిగా తెరవకుండా ఇచ్చే గౌరవం ఆమెకు అక్కర్లేకపోయింది.

నేను సన్మానాలు వద్దనడం లేదు. ఆథరీన్ సంతోషంగా వెళ్లి ఆ సభలో కూర్చుంది. ఆ సంతోషాన్ని తక్కువ చేసే హక్కు మనకెవరికీ లేదు. గోడ మీద తమలాంటి మనిషి పేరు కనబడితే, కొత్తగా చేరిన నల్లజాతి అమ్మాయికి అది పెద్ద ధైర్యం. నేను చెప్పేది ఒకటే. పూర్వ విద్యార్థుల జాబితా అంటే గేటు లోపలికి రానిచ్చినవాళ్ల జాబితా. పాలీ ఆన్ మైయర్స్ ఆ జాబితాలో ఉండదు. వాళ్లెవరూ లేకుండా, గేటు వేసినవాళ్ల ఊసు లేకుండా విజయాలు మాత్రమే చదివితే, ఆ గొప్పతనమంతా సంస్థ ఖాతాలో పడుతుంది. వ్యక్తి పట్టుదల మిగులుతుంది, అన్యాయం మాయమవుతుంది.

ఇది మనకు దూరపు కథ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు దళిత విద్యార్థుల్లో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరిలో మనకు దక్కకుండా పోయాడు. అతను ఏ పూర్వ విద్యార్థుల సభకూ రాడు.

మనలో చాలామందిమి కాలేజీల్లో పనిచేస్తున్నాం. దళిత, ఆదివాసీ, ముస్లిం కుటుంబాల నుంచి వచ్చి పైకెదిగిన స్త్రీలను సభలకు పిలుస్తుంటాం. సన్మాన పత్రం రాసే పని తరచు మన మీదే పడుతుంది. ఈసారి రాసేముందు ఆమె దగ్గరికి వెళ్లి అడగండి: ఇక్కడ మీకేం జరిగింది, ఎవరు చేశారు, మీతో కలిసి చేరి మధ్యలో మానేసినవాళ్లెవరు? ఆమె ఒప్పుకున్నంత మేరకు అది కూడా పత్రంలో రాయండి. ప్రిన్సిపాల్ గారు ఆ వాక్యం తీసెయ్యమంటారు. తీసెయ్యకండి. ‘కష్టాలకోర్చి’ అన్న మాట కొట్టేసి, ఆ కష్టం పేరేమిటో అక్కడ రాయండి. శాలువా ఆ తర్వాత కప్పుదాం.