వారసత్వంగా వచ్చేది, మనం ఎంచుకునేది

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



కొద్ది వారాల క్రితం అసర్ నమాజు తరువాత ఒక యువకుడు మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. అతని తండ్రి లారీ డ్రైవరు. తాగుడుకు బానిసై, కాలేయం చెడి మరణించాడు. జనాజా నమాజు మేమే చేయించాము. ఆ యువకుడు ఇలా అడిగాడు: "హజ్రత్! తాగుడు మా రక్తంలోనే ఉందని బంధువులంటున్నారు. అది నిజమేనా? నిజమైతే నేనెంత ప్రయత్నించి ఏం లాభం?" ఆనాడు మేమిచ్చిన సమాధానం మాకే చాలదనిపించింది. తెలిసిన వైద్యులను అడిగి, చదివి, గ్రహించినదానిని ఈ జుమా నాడు మీ ముందుంచుతున్నాము.

మన చిలకలూరిపేట రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. నేల ఒకటే, వాన ఒకటే. అయినా మిరపలో ఒక రకం బొబ్బర తెగులుకు లొంగిపోతుంది, మరొకటి తట్టుకుని నిలుస్తుంది. మనుషుల శరీరాలలోనూ అల్లాహ్ ఇటువంటి భేదాలనే ఉంచాడు. మన తెలుగునాటనే దీనికి నిదర్శనముంది. ఆర్యవైశ్య సోదరులలో కొందరికి శస్త్రచికిత్స వేళ సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే, నిమిషాలలో తగ్గవలసిన దాని ప్రభావం గంటల తరబడి తగ్గదు. ఆ మందును విడగొట్టే ఎంజైము వారి రక్తంలో బహుస్వల్పం. తల్లిదండ్రుల నుండి వచ్చిన ఒక జన్యుమార్పు దీనికి కారణం. ఇందులో ఎవరి దోషమూ లేదు. ముందుగా తెలిస్తే మత్తువైద్యుడు వేరే మందు వాడతాడు, ప్రాణం నిలుస్తుంది. తెలుసుకోవడమే ఇక్కడ రక్షణ.

మత్తుపదార్థాల విషయమూ ఇటువంటిదే. పొగాకులోని నికోటిన్‌ను కాలేయం కొందరిలో వేగంగా, కొందరిలో మందంగా విడగొడుతుంది. వేగంగా విడగొట్టే శరీరం త్వరగానే మరో సిగరెట్టు అడుగుతుంది. మెదడులో నికోటిన్ తగులుకునే చోటును నిర్మించే జన్యువులో చిన్న తేడా ఉన్నవారు ఎక్కువ సిగరెట్లు కాలుస్తారని 2008లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. వ్యసనానికి ఒకే ఒక్క జన్యువంటూ లేదు. అనేక జన్యువులు తలా కొంచెం తోడవుతాయి. మనిషికీ మనిషికీ మధ్య ఈ ప్రమాదంలో కనిపించే తేడాలో సుమారు సగం వారసత్వానిదని శాస్త్రజ్ఞుల అంచనా. మిగిలినది పెంపకానిది, స్నేహాలది, కష్టాలది, మత్తు ఎంత సులభంగా చేతికందుతుందనే దానిది.

ఇక ఆ యువకుని ప్రశ్నకు వద్దాము. డెన్మార్క్ దేశంలో 1973లో ఒక పరిశోధన వెలువడింది. తాగుడు వ్యసనం గల తల్లికో తండ్రికో పుట్టి, పసితనంలోనే దత్తత వెళ్ళి, వేరే ఇళ్ళలో పెరిగిన కుమారులను పరిశీలించారు. వారిలో నూటికి 18 మంది తాగుడుకు బానిసలయ్యారు. అటువంటి తల్లిదండ్రులు లేని దత్తపుత్రులలో నూటికి 5గురు మాత్రమే. కనుక బంధువుల మాటలో నిజముంది. అయితే, నాయనా, మిగిలిన లెక్క కూడా చూడు. నూటికి 82 మంది ఆ గోతిలో పడలేదు! వారసత్వం దారిలోని వాలు వంటిది. వాలున్న చోట అడుగు జాగ్రత్తగా వేయాలి. పడిపోవడమే రాసిపెట్టి ఉందని కూర్చోరాదు. ఎవరి శక్తికి మించిన భారాన్ని అల్లాహ్ వారిపై మోపడు. తండ్రి పాపభారాన్ని కుమారునిపై మోపడు.

సోదరులారా! అధిక మోతాదులో మత్తెక్కించేది స్వల్ప మోతాదులోనూ నిషిద్ధమేనని దైవప్రవక్త (స) బోధించారు. "ఒక్క గుక్కతో ఏమవుతుంది?" అని మన యువకులు అడుగుతుంటారు. 2019లో వెల్లడైన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షలకు పైగా దానివల్ల హాని పొందుతున్నవారు, దానికి బానిసలైనవారు. అంటే సుమారు ముగ్గురిలో ఒకరు. ఆ ఒక్కరు తానేనని మొదటి గుక్క నాడు ఎవరికి తెలుసు? మొదటి చుక్కనే నిషేధించడంలోని కారుణ్యం ఇక్కడ మనకు అర్థమవుతుంది.

ఇప్పుడు మా లోపాన్ని మేము ఒప్పుకోవాలి. ఆ తండ్రి చివరి వరుసలో కూర్చునేవాడు. ఈ మింబరుపై నుండి తాగుబోతులను మేమెన్నోసార్లు కఠినంగా నిందించాము. క్రమంగా ఆయన రావడం మానుకున్నాడు. మేము ఒక్కనాడైనా ఆయన ఇంటి తలుపు తట్టలేదు. మద్యం సేవించి పదేపదే శిక్షకు గురైన ఒక వ్యక్తిని ఎవరో శపించినప్పుడు, దైవప్రవక్త (స) శపించవద్దని వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. శిక్ష ఆగలేదు, శాపం ఆగింది. పాపాన్ని పాపమనడం మా బాధ్యత. మనిషిని మస్జిదు నుండి తరిమే మాట మాది కారాదు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

కావున తల్లిదండ్రులారా! షుగరు జబ్బున్న ఇంట పిల్లలకు ముందే జాగ్రత్త చెబుతాము కదా. తాగుడు, గంజాయి, గుట్కా వ్యసనమున్న ఇంట కూడా సిగ్గుపడి దాచక పిల్లలకు నిజం చెప్పండి. యువకులారా! పాన్‌డబ్బా వద్ద, మిల్లు రాత్రి షిఫ్టులో, లారీ ప్రయాణంలో స్నేహితుడు చేయి చాపితే, "మా ఇంటి సంగతి వేరు, నాకు వద్దు" అనడం పిరికితనం కాదు. ఇప్పటికే చిక్కుకున్నవారు వైద్యుని వద్దకు వెళ్ళండి. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కలగవచ్చు. అందుకే వైద్యుని పర్యవేక్షణలో మానాలి. 14446 అనే జాతీయ సహాయ నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను సృష్టించాడని, వైద్యం చేయించుకోవాలని బోధించినవారు మన ప్రవక్త (స). సంబంధాలు చూసే పెద్దలారా! తండ్రి వ్యసనాన్ని సాకుగా చూపి సచ్ఛీలుడైన కుమారుని నికాహ్ సంబంధాన్ని తిరస్కరించకండి.

ఆ యువకుడు ఈనాడు మన వరుసలలోనే ఉన్నాడు. అతడెవరని వెతకకండి. మీ ప్రక్కన నిలిచిన ప్రతి ఒక్కరినీ అతడే అనుకుని భుజం భుజం కలపండి.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మత్తు నుండి కాపాడు. చిక్కుకున్నవారికి విముక్తిని, స్వస్థతను ప్రసాదించు. మరణించినవారిని మన్నించు. ఆమీన్.