మా పిల్లి గడప దాటదండీ!
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పశువైద్యుణ్ణి కాబట్టి పాడి గురించి మాట్లాడతానని కార్యదర్శి గారు అనుకున్నారు. కానీ నిన్న సాయంత్రం టీ దగ్గర నన్ను చుట్టుముట్టిన వాళ్ళలో గేదె ఉన్నవాడు ఒక్కడూ లేడు. అపార్టుమెంట్లలో పిల్లుల్ని పెంచుకుంటున్నవాళ్ళు మాత్రం నలుగురు తేలారు. నలుగురిదీ ఒకటే ప్రశ్న: "మా పిల్లి గడప దాటదు. టీకాలు అవసరమా?" వాళ్ళకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఊరూరా తిరిగి గాలికుంటుకు, గొంతువాపుకు, జబ్బవాపుకు టీకాలు వేశాను. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య మందు సీసాలు పెట్టుకుని స్కూటరు మీద వెళ్ళేవాణ్ణి. వద్దన్న రైతుతో అరుగు మీద కూర్చుని గంటసేపు వాదించేవాణ్ణి. అలాంటి నేను, రిటైరయ్యాక మా ఇంటికొచ్చిన పిల్లి కూనకు టీకా వేయించలేదు. నాలుగో అంతస్తులో ఉండేదానికి ఏ జబ్బు వస్తుంది, ఎండలు తగ్గాక చూద్దాంలే అనుకున్నాను.

రెండున్నర నెలల వయసులో ఒకరోజు పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. నీళ్ళ గిన్నె మీదికి తల వాల్చి కూర్చుంది, తాగలేదు. ఆ కూర్చున్న తీరు చూడగానే నాకు గుండె జారిపోయింది. పరీక్ష చేయిస్తే అనుకున్నదే అయింది, పాన్‌ల్యూకోపీనియా. తెల్ల రక్తకణాలనూ పేగు లోపలి పొరనూ నాశనం చేసే వైరస్ అది. దాన్ని నేరుగా చంపే మందంటూ లేదు. సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటూ కూన తట్టుకుంటుందేమోనని ఎదురుచూడాలి. మాది తట్టుకోలేదు. మూడో రోజు రాత్రి పోయింది. "తాతయ్యా, నువ్వు డాక్టరువే కదా?" అంది మా మనవరాలు. రైతులకు గంటలు గంటలు చెప్పినవాణ్ణి, ఆ పిల్లకు ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

గడప దాటని దానికి ఎలా వచ్చిందంటారా? నా అనుమానం నా చెప్పుల మీదే. కింద సెల్లారులో ఈనిన వీధి పిల్లికి రోజూ అన్నం పెట్టి వచ్చేవాణ్ణి. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటుంది. ఫినాయిల్‌కు చావదు. పైగా ఫినాయిల్ పిల్లులకే విషం. పనిచేసేది బ్లీచింగే. అసలు పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు అనేవారు. మీ ఇల్లు చేరేసరికే ఆ కూన ఎన్ని ఇళ్ళ దుమ్ము చూసిందో మీకేం తెలుసు?

కాబట్టి తేల్చుకోవలసింది వేయించాలా వద్దా అని కాదు, ఏవి, ఎప్పుడు అని. ప్రతి పిల్లికీ కావలసినవి రెండు. పాన్‌ల్యూకోపీనియాకు, జలుబు, కంటిపుండ్లు, నోటిపుండ్లు తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌లకు కలిపి వేసే ఇంజెక్షన్ ఒకటి. రేబిస్ టీకా రెండోది. ల్యూకీమియా వైరస్ టీకా అందరికీ అక్కర్లేదు. బయట తిరిగే, వేరే పిల్లులతో కలిసే చిన్న పిల్లులకు, ముందు రక్తపరీక్ష చేయించి ఆలోచించాలి.

కూనలకు అన్నిసార్లు ఎందుకు, ఒక్కటి చాలదా అని అడుగుతారు. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ కూనను కొన్ని వారాలు కాపాడుతుంది. చిక్కేమిటంటే, అదే రక్షణ మనం వేసిన టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఒక కూనలో ఎనిమిదో వారానికే తగ్గిపోతుంది, దాని తోబుట్టువులో పద్నాలుగో వారం దాకా ఉంటుంది. ఏ కూనలో ఎప్పుడు తగ్గుతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ పదహారు వారాలు నిండేదాకా వెళ్ళాలి. 'రెండు వేయించాం, చాల్లే' అని పన్నెండో వారంలో ఆపేసేవాళ్ళే ఎక్కువ. అసలు పనిచేయాల్సింది ఆ ఆఖరుదే కావచ్చు. రేబిస్ టీకా పన్నెండు వారాలు దాటాక. ఆరు నెలలకో, ఏడాదికో మూడు జబ్బుల టీకా మళ్ళీ ఒకటి. ఆ తర్వాత ఇంట్లోనే ఉండే ఆరోగ్యమైన పిల్లికి అది మూడేళ్ళకోసారి సరిపోతుంది. ప్రతి ఏడాదీ పొడిపించనక్కర్లేదు. ఈ మాటకు మా వృత్తివాళ్ళలో కొందరికి నా మీద కోపం రావచ్చు, రానివ్వండి. రేబిస్‌కు మాత్రం సీసా మీద రాసిన గడువు దాటనివ్వకండి. మన వీధుల సంగతి మీకు తెలుసు.

చూలు పిల్లికి బతికిన వైరస్‌తో చేసిన టీకా వేయించకూడదు. కడుపులోని కూనల చిన్నమెదడు దెబ్బతింటుంది. వేసేముందు మందు ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. సీసా మీది చీటీ పుస్తకంలో అంటించమనండి.

టీకా తర్వాత ఒకటి రెండు రోజులు మగతగా పడుకోవడం, తిండి తగ్గించడం మామూలే. మొహం వాచినా, ఆగకుండా వాంతులైనా, ఆయాసం వచ్చినా వెంటనే వెనక్కి తీసుకెళ్ళాలి. అందుకే టీకా అయ్యాక ఓ అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ మాత్ర విరిచి వేస్తారు కొందరు. ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. ఇది రాసిపెట్టుకోండి.

ఇంజెక్షన్ వేసినచోట చాలా అరుదుగా క్యాన్సర్ గడ్డ రావచ్చు, దాచను. అందుకే ఇప్పుడు మెడ వెనక కాకుండా కాలి కింది భాగంలో వేయడం మంచిదంటున్నారు. గడ్డ మూడు నెలలు దాటినా ఉన్నా, రెండు సెంటీమీటర్లు మించినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా చూపించాలి. ఆ భయంతో టీకాలే మానేస్తే పోయే ప్రాణాలు దానికంటే చాలా ఎక్కువ.

రేబిస్ గురించి ఇంకొక్క మాట. మన చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని హడలిపోయేవాళ్ళం. కరిచిందని ఇంట్లో చెప్పనివాళ్ళు మా తరగతిలోనే ఇద్దరుండేవారు. ఇప్పుడు చేతికి వేసే కొద్ది డోసులే. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పసుపు, కారం, సున్నం పెట్టకుండా ధారగా పడే నీళ్ళలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక చేయగలిగేది దాదాపు ఏమీ లేదు.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, పొద్దున మన బడి వంటగది వెనక ఒక మచ్చల పిల్లినీ, మూడు కూనలనూ చూశాను. ఎనిమిది వారాలు ఉంటాయేమో. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలు వాటిని ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తున్నారు. తిట్టలేదు, మనమూ అలాగే పెరిగాం. హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. రేపు ఏడు గంటలకు ఐసు పెట్టెతో వస్తున్నాను. రేపు తల్లికి రేబిస్ టీకా, కూనలకు మూడు జబ్బుల టీకా మొదటి డోసు. మిగతావాటికి మళ్ళీ నేనే వస్తాను. ఆ తల్లిని పట్టుకోవడానికి గట్టివాళ్ళు ఇద్దరు కావాలి. పాత దళసరి తువ్వాళ్ళు మీరే తెచ్చుకోండి.