తెల్లచీర కట్టుకొనక ముందు

(బాలికల హాస్టలులో తొమ్మిది, పది తరగతుల విద్యార్థినుల యెదుట చేసిన ప్రసంగము)



మీ హాస్టలు నుండి కబురు వచ్చినప్పుడు, పిల్లలకు ఏమి చెప్పవలెనా అని మేము నలుగురము కూర్చుండి ఆలోచించుకొన్నాము. మా నలుగురి సర్వీసు కలిపితే నూరేండ్లు దాటుతుంది. సేవ, త్యాగము, చేత దీపము పట్టిన అమ్మగారు - ఇవన్నీ మీరు స్కూలు వార్షికోత్సవాలలో విన్నవే. ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ప్రారంభించినదని చదివియుంటారు. ఆమెకు లెక్కలంటే ప్రాణమని మాత్రము ఎవరూ చెప్పియుండరు. క్రిమియా యుద్ధములో సైనికుల మరణాలను లెక్కగట్టి, పటాలు గీసి ప్రభుత్వానికి చూపిన మనిషి ఆమె. కాబట్టి మేమును లెక్కలతోనే మొదలుపెడతాము.

మాలో ఒకరికి చిన్ననాట దశాంశాలంటే భయము. నర్సు పనికి లెక్కలెందుకులే అని ధైర్యముగా చేరినారు. మొదటి సంవత్సరములోనే పిల్లల వార్డులో డ్యూటీ పడినది. చీటిలో 0.5 మిల్లీలీటరు అని ఉన్నది. ఆ చుక్క కంటికి ఆనలేదు. సిరంజిలోనికి ఐదు తీసి మంచము వద్దకు వెళ్లినారు. బిడ్డ తల్లి, "త్వరగా ఇవ్వమ్మా, ఏడుస్తున్నాడు" అంటూ చేయి పట్టి ఉంచినది. అంతలో వెనుకనుండి వార్డు సిస్టరు వచ్చి సిరంజి అందుకొన్నారు. తల్లి యెదుట ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి మావారికి అన్నము సహించలేదు. మరునాటి నుండి నెల దినాలు, డ్యూటీ దిగిన తరువాత సిస్టరు యెదుట కూర్చుండి రోజుకు పది లెక్కలు చేసినారు. ఆ ఒకరు ఎవరో చెప్పము. ఈ నలుగురిలోనే ఉన్నారు.

ఒక లెక్క మీకును ఇస్తాము. 500 మిల్లీలీటర్ల సెలైను నాలుగు గంటలలో ఎక్కవలెను. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు. నిమిషానికి ఎన్ని చుక్కలు? మొత్తము 10,000 చుక్కలు, 240 నిమిషాలు, సుమారు 42. ఇది హైస్కూలు లెక్కే. కాని అర్ధరాత్రి రెండు గంటలకు నిద్రకళ్లతో, ప్రక్క మంచము వారు పిలుస్తూండగా చేయవలెను.

ఇంగ్లీషు సంగతి. కేసు షీటంతా ఇంగ్లీషులో ఉంటుంది, రోగి తెలుగులో చెబుతాడు. ముసలమ్మ "సలుపుతున్నది" అంటే ఒకటి, "పొడుస్తున్నది" అంటే ఒకటి, "మండుతున్నది" అంటే మరొకటి. వీటన్నిటిని నొప్పి అని ఒకే మాటగా వ్రాసి పడవేస్తే డాక్టరుగారికి సగమే తెలుస్తుంది. మీ అవ్వ మోకాళ్ల గురించి ఏమంటున్నదో విని, ఆమె అన్నది అన్నట్టే ఇంగ్లీషులో రెండు వాక్యాలు వ్రాసి చూడండి. కాన్వెంటు ఇంగ్లీషు రాదని దిగులుపడే పిల్లలకు ఇదే మా మందు.

మాలో పెద్దవారు చేరిన రోజులలో పదవ తరగతితో తీసుకొనేవారు. ఇప్పుడు ఇంటర్మీడియట్ కావలెను. నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగుకు ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీషు చదివి నూటికి 45 మార్కులు తెచ్చుకోవలెను. జనరల్ నర్సింగుకు ఏ గ్రూపువారైనా 40 మార్కులతో చేరవచ్చును. చేరే సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండవలెను. అనగా పది పాసై గ్రూపు ఎన్నుకొనే రోజుననే సగము నిర్ణయము జరిగిపోతున్నది. ఆ రోజున స్నేహితురాలు చేరినదని సి.ఇ.సి.లో చేరి, తరువాత మా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకొన్న పిల్లలు ఉన్నారు.

చేరబోయే స్కూలుకు గుర్తింపు ఉన్నదా అని రుసుము కట్టక ముందే అడగండి. మాకు తెలిసిన ఒక తండ్రి ఎకరము పొలము తాకట్టుపెట్టి కూతురిని చదివించినాడు. తీరా ఆ పాఠశాలకు గుర్తింపు లేదని తేలినది. రాష్ట్ర కౌన్సిలులో పేరు నమోదు కాలేదు. నమోదు కానిదే నర్సు ఉద్యోగము లేదు. పొలము పోయినది, మూడేండ్లు పోయినవి. ఆ పిల్ల ఇప్పుడు బట్టల దుకాణములో పని చేస్తున్నది. తలచుకొంటే మాకు ఇప్పటికీ కోపము వస్తుంది.

డాక్టర్ ఆనా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరచిన కాలము నుండి చాలా ఏండ్లు, మిగిలినవారు ఆడపిల్లలను ఈ పనికి పంపుటకు జంకుతూండగా మన సంఘాల పిల్లలే ఎక్కువగా ముందుకు వచ్చినారు. అది గొప్పే. అయితే తల్లి నర్సు గనుక కూతురూ నర్సే కావలెనని ఇంట్లో పట్టుపట్టడము మాకు నచ్చదు. మనసు లేని పిల్ల రాత్రి డ్యూటీలలో చేదెక్కిపోతుంది. ఆ చేదు రోగి మీద పడుతుంది. రక్తము చూస్తే కళ్లు తిరుగుతాయని భయపడేవారు మాత్రము వెనుకాడవద్దు. మాలో ఇద్దరికి తిరిగినవి.

ఈ హాస్టలులోనే చేయగల పని ఒకటున్నది. ఎవరికైనా జ్వరము వస్తే వార్డెనమ్మగారి అనుమతితో నాలుగు గంటలకొకసారి థర్మామీటరు పెట్టి, వేళతో సహా కాగితము మీద వ్రాయండి. ఎన్ని గ్లాసుల నీళ్లు త్రాగినదో వ్రాయండి. ముందును, తరువాతను సబ్బుతో చేతులు కడుగుకోండి. వాంతి ఎత్తవలసి వచ్చినప్పుడు ముఖము చిట్లించకుండా ఎత్తగలరేమో చూచుకోండి.

వచ్చే శనివారము ఉదయము తొమ్మిది గంటలకు మేము కొందరిని ఆసుపత్రి చూపించుటకు తీసికొని వెళతాము. పది మందికే అనుమతి దొరికినది. పేర్లు ఈ సాయంత్రమే వార్డెనమ్మగారికి ఇవ్వండి. గోళ్లు కత్తిరించుకొని, జడ బిగించి వేసుకొని, చప్పుడు చేయని చెప్పులతో రండి. తప్పక టిఫిను తిని రండి. ఖాళీ కడుపుతో వచ్చినవారే ముందు కళ్లు తిరిగి పడతారు.