రీలు డబ్బాల నుండి కంటి ఆసుపత్రికి
(యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగము)



కంప్యూటరు చదువు లేని నాకు ఆసుపత్రి కంప్యూటర్ల పని ఎట్లు దొరికినదని మీలో కొందరు అడిగితిరి. జూబిలీహిల్సు ప్రక్కనున్న ఫిల్మునగరులో 20 యేండ్లు ఒక ఫిల్ము లాబొరేటరీలో పనిచేసితిని. నెగెటివు డబ్బాలకు నంబర్లు వేసి చీటీలు అంటించుట నా పని. ఒక్క చీటీ తారుమారైతే ఒక సీను దొరకదు. 2010 తరువాత సినిమాహాళ్లు డిజిటల్ ప్రదర్శనకు మారగా ప్రింట్ల పని ఎండిపోయినది. పిల్లల ఫీజులు మాత్రము ఎండలేదు!

అప్పుడు ఒక ధర్మ కంటి ఆసుపత్రివారు కేసుషీట్లను కంప్యూటరులోనికి ఎక్కించుటకు మనుష్యులను తీసికొనిరి. జీతము సగమే. ఇంటిలో వారము దినములు మాటలు లేవు. అయినను చేరితిని. చీటీ విలువ నేనెరిగినవాడను. ఇక్కడ తారుమారయ్యేది కుడికన్ను, ఎడమకన్ను. పగలు ఎక్కించుచు, రాత్రులు డేటాబేసు పాఠములు నేర్చితిని. నేడు పల్లెలో తీసిన కంటి ఫొటో పట్టణపు డాక్టరుగారికి చేరు ఏర్పాటు నా చేతిలోనున్నది.

సినిమా నుండి కంటి సేవకు దారి క్రొత్తది కాదు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుండి బొంబాయి పోయి, చిల్లర పనులు చేసి, 1931లో ‘ఆలం ఆరా’లో వేషము వేసిన ఎల్.వి. ప్రసాదుగారు, తరువాత మద్రాసులో స్టూడియో, లాబ్ పెట్టిరి. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన కంటి ఆసుపత్రికి బంజారాహిల్సులో 5 ఎకరాలు, కోటి రూపాయలు ఇచ్చినది వారే.

మాకు ఇంకను ఇద్దరు కావలెను. లాబుల్లో, ఎడిటింగు గదుల్లో పని పోయినవారెవరైన ఉన్నచో, కూటము కాగానే నన్ను కలియుడి.