నోటిలెక్క – మన లెక్క మన చేతిలో
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"నోటిలెక్కలు చేస్తూ ఉంటే మతిమరుపు రాదటగదా, ఆ సంగతి నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను, ముప్పై నాలుగేళ్లు అకౌంట్ల సీట్లలో కూర్చున్నవాణ్ణి. కనుక లెక్క సంగతి నా అనుభవంతోను, మెదడు సంగతి పరిశోధకులు ప్రకటించిన ఫలితాలతోను మనవి చేస్తాను.

మన తరంవారికి నోటిలెక్క కొత్త విద్య కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు రూపాయికి పదహారు అణాలు. అందుకే బడిలో మామూలు ఎక్కాలతోపాటు పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా వల్లె వేయించేవారు. ఆనాటి చదువు ఈనాటికీ పనికొస్తుంది. 48ని 25తో గుణించమంటే కాగితం ఎందుకు? 25 అంటే నూటిలో పావు. 48లో పావు 12. పన్నెండు వందలు, అంటే 1,200.

మరికొన్ని కిటుకులు చెబుతాను. కాగితం మీద మనం ఒకట్ల స్థానం నుంచి కూడతాం. మనసులో కూడేటప్పుడు పెద్ద స్థానం నుంచి మొదలుపెట్టడం సులువు. 478కి 256 కలపాలి. 200 కలిపితే 678, 50 కలిపితే 728, 6 కలిపితే 734. కిలో 398 రూపాయల సరుకు ఆరు కిలోలు కొన్నామనుకోండి. 400 చొప్పున 2,400. ఆరు రెళ్లు పన్నెండు తీసేస్తే 2,388. చివర 5 ఉన్న సంఖ్యకు వర్గం కావాలంటే, ముందున్న అంకెను దాని తరువాతి అంకెతో గుణించి పక్కన 25 వేయండి. 65కి ఆరేళ్లు నలభై రెండు, పక్కన 25, వెరసి 4,225.

జవాబు సరిచూసుకోవడానికి తొమ్మిదుల తనిఖీ ఉంది. 47ను 32తో గుణిస్తే 1,504. నాలుగూ ఏడూ పదకొండు, ఒకటీ ఒకటీ రెండు. మూడూ రెండూ అయిదు. రెండయిదులు పది, అంటే ఒకటి. ఇటు 1,504లోని అంకెలు కూడితే పది, అదీ ఒకటే. రెండూ కలవకపోతే తప్పు ఉన్నట్టే. కలిసినంత మాత్రాన ఒప్పని పూచీ లేదు. 1,540 అని రాసినా ఈ తనిఖీకి దొరకదు. మరి ఆఫీసులో ఏం చేసేవాళ్లం? రెండు టోటళ్లకు తేడా వస్తే ఆ తేడాను 9తో భాగించి చూసేవాళ్లం. ఇక్కడ తేడా 36. శేషం లేకుండా పోయింది గనుక ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని ముందుగా వెతికేవాళ్లం. ఈ సభలో చాలామందికి ఇది తెలిసిన విషయమే.

ఇక అసలు ప్రశ్న. దీనివల్ల మెదడుకు మేలుందా?

అమెరికాలో 65 ఏళ్లు, ఆ పైబడిన 2,832 మంది పాల్గొన్న పరిశోధనలో జ్ఞాపకశక్తిలోను, తార్కిక ఆలోచనలోను, చూసినదాన్ని వేగంగా గ్రహించడంలోను వేరువేరుగా శిక్షణ ఇచ్చి, తొలి ఫలితాలను 2002లో ప్రకటించారు. ఏ విద్యలో శిక్షణ ఇచ్చారో ఆ విద్య మెరుగుపడింది. మిగిలిన వాటికి ఆ మెరుగు పాకలేదు. మన దేశంలో వడోదరలో బడిపిల్లలకు మూడేళ్లపాటు పూసల చట్రాన్ని మనసులో ఊహించుకుని లెక్క చేయడం నేర్పి పరిశీలించారు. 2016లో వెలువడిన ఆ ఫలితమూ అదే తీరు. లెక్కలు బాగుపడ్డాయి, ఇతర మేధాశక్తులు మారాయనడానికి ఆధారం దొరకలేదు.

కాబట్టి మిత్రులారా, నోటిలెక్క మతిమరుపుకు మందని ఎవరైనా చెప్పి వేల రూపాయల ఫీజు అడిగితే, దయచేసి ఇవ్వకండి. రక్తపోటు, చక్కెర అదుపులో పెట్టుకోవడం, నడక, వినికిడి తగ్గితే చెవి పరీక్ష, నలుగురితో కలిసిమెలిసి ఉండడం, ఇవి మెదడుకు మేలుచేస్తాయని వైద్యులు చెబుతున్నారు. లెక్క వాటి పక్కన కూర్చోవచ్చు, వాటి కుర్చీలో కూర్చోకూడదు.

అయితే లెక్క చేయడం ఎందుకంటారా? లెక్కే పెరుగుతుంది గనుక! మన వయసులో అది చిన్న లాభం కాదు. ఉద్యోగమంతా ప్రభుత్వం సొమ్ముకు పైసాతో సహా లెక్క చెప్పినవాళ్లం, రిటైరయ్యాక పాసుపుస్తకం పిల్లల చేతిలో పెట్టి "మీరే చూసుకోండి" అంటున్నాం. పిల్లలు మంచివారే కావచ్చు. కానీ మన డబ్బు సంగతి మనకు తెలియకపోతే మన మాటకు ఇంట్లో బరువు తగ్గుతుంది.

బయట మరో ప్రమాదం పొంచి ఉంది. గ్రాట్యుటీ చేతికందిన వారం రోజుల్లోనే ఎవరో ఒకరు ఇంటికి వస్తారు, "మూడేళ్లలో రెట్టింపు" అంటారు. అప్పుడు 72ను గుర్తు తెచ్చుకోండి. 72ను ఏళ్లతో భాగిస్తే చక్రవడ్డీ రేటు సుమారుగా తేలుతుంది. మూడేళ్లంటే 24 శాతం. 8 శాతమైతే రెట్టింపుకు తొమ్మిదేళ్లు పడుతుంది. మీ బ్యాంకు ఇచ్చే వడ్డీతో పోల్చుకుని, వచ్చినవాడికి మంచినీళ్లిచ్చి పంపించండి. అలాగే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ వినడానికి చిన్నది, ఏడాదికి 24 శాతం!

ఇంకొక సంగతి. జ్ఞాపకశక్తిని పరీక్షించేటప్పుడు డాక్టర్లు కొందరిని 100 నుంచి ఏడేసి తీసివేస్తూ పొమ్మంటారు. 93, 86, 79, 72, 65. దాన్ని ముందుగా కంఠస్థం చేయకండి, పరీక్షకు అర్థం ఉండదు. కంగారులో ఒకటి తప్పితే భయపడనూ వద్దు. అయితే ఏళ్లతరబడి ఇంటి లెక్కలు చక్కగా చూసిన మనిషి చిల్లర దగ్గర, బిల్లుల దగ్గర తరచుగా తికమకపడుతుంటే "వయసు గదా" అని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. రోజూ లెక్క చేసే ఇంట్లో ఆ మార్పు త్వరగా కంటపడుతుంది.

శకుంతలా దేవిగారు 1980లో లండన్‌లో రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించారు. పుట్టుకతో చూపులేని మన కడప జిల్లావారు లక్కోజు సంజీవరాయశర్మగారు (1907–1997) విని నేర్చిన లెక్కతో గణితావధానాలు చేశారు. మనం అంతదూరం పోనక్కరలేదు. చూపు మందగించినా లెక్క మందగించనక్కరలేదని శర్మగారి జీవితం చెబుతుంది, మనకు అది చాలు.

రోజుకు పది నిమిషాలు చాలు. కొట్టువాడు మిషను నొక్కేలోపు మొత్తం మీరు చెప్పండి. పెన్షన్ స్లిప్పులో కరువు భత్యం మీరే వేసి చూడండి. మనవలతో పోటీ పెట్టుకోండి, ఓడిపోతే వాళ్ల సంతోషం మీకు వడ్డీ.

 మీలో ఎవరికైనా మరో కిటుకు తెలిస్తే భోజనాల దగ్గర నాకు చెప్పండి.