గడప లేని బిడ్డకు బడి



ఇల్లు లేని బిడ్డను బడి గుమాస్తా మొదట అడుగునది ఇంటి చిరునామా! లేనిదానిని తెమ్మనుట న్యాయమా? అమెరికాలో 1987లో పుట్టి 2002లో బలపడిన మెకిన్నీ-వెంటో శాసనము దీనికి ప్రత్యుత్తరము. చిరునామా, టీకా పత్రము, పాతబడి దాఖలాలు లేకున్నను బిడ్డను తక్షణమే చేర్చుకొనవలెను. పాతబడియే మేలైనచో అచ్చటికి ప్రయాణసాధనమును సమకూర్పవలెను. పోషక కుటుంబమునకై వేచియుండు బిడ్డలను 2015 నాటి విద్యాశాసనము ఆ పరిధినుండి తప్పించి, వారి ప్రవేశమునకు వేరుగా రక్షణ కల్పించినది.

వయోనిర్ధారణ పత్రము లేదని బిడ్డను త్రోసిపుచ్చరాదని మన 2009 నాటి విద్యాహక్కు శాసనము సైతము ఘోషించుచున్నది. కాని శాసనము పుస్తకమున నున్నంతమాత్రమున బిడ్డ బల్లపై కూర్చుండునా? గడప లేనివారికి ఆ కబురు చేర్చువారెవరు? అక్షరజ్ఞులమైన మనమే. మన పేటలో బడి వెలుపల నున్న బిడ్డ చేయి పట్టుకొని నేడే బడికి నడతము రండు!